ఇంజెక్ట్ చేసిన డిపెండెన్సీలున్న కోడుకు మాక్‌లతో యూనిట్ టెస్టులు: తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో ఇంజనీరింగ్ చదివి, అక్కడే ఉండి దుకాణాలకు, రైసుమిల్లులకు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులకు సాఫ్ట్‌వేర్ రాస్తున్న తెలుగువారి కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ రాస్తున్నాను. చిన్న బృందాల్లో టెస్టుల కోసం వేరే మనుషులు ఉండరు. కోడు రాసినవారే యూనిట్ టెస్టులు, అంటే కోడులోని ఒక చిన్న భాగాన్ని విడిగా పరీక్షించే టెస్టులు, కూడా రాయాలి. అందువల్ల మాక్‌ను, అంటే టెస్టు కోసం అసలు ఆబ్జెక్టు స్థానంలో నిలబెట్టే నకలును, ఎలా రాయాలన్న దానికన్నా ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు అన్నదానికే ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

ఉదాహరణగా అంతటా ఒకే ప్రోగ్రామును తీసుకుందాం. బరంపురంలో పట్టుచీరలు అమ్మే ఒక దుకాణానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నామని అనుకోండి. ఆ దుకాణం ఒడిశాలోని ఊళ్ళకే కాక సరిహద్దు దాటి ఇచ్ఛాపురానికి, పాతపట్నానికి కూడా పార్సిళ్ళు పంపుతుంది. బిల్లు ఖరారు కాగానే కస్టమరుకు ఒడియాలోనో తెలుగులోనో ఎస్ఎంఎస్ వెళ్ళాలి.

డిపెండెన్సీని ఇంజెక్ట్ చేయడం అంటే ఏమిటి? దానికీ టెస్టుకూ సంబంధం ఏమిటి?

ఒక క్లాసు తన పని పూర్తి చేయడానికి ఇంకొక ఆబ్జెక్టు సాయం తీసుకుంటే, ఆ రెండోది మొదటిదానికి డిపెండెన్సీ అవుతుంది. మన ప్రోగ్రాములో బిల్లును ఖరారు చేసే క్లాసుకు నాలుగు కావాలి: కస్టమర్ల, బిల్లుల వివరాలను దాచి తిరిగి ఇచ్చే రిపాజిటరీ, తర్వాతి ఇన్‌వాయిస్ నంబరు ఇచ్చే ఆబ్జెక్టు, ఎస్ఎంఎస్ పంపే ఆబ్జెక్టు, ఇప్పుడు సమయం ఎంతో చెప్పే గడియారం. ఈ నాలుగింటినీ ఆ క్లాసు తన మెథడ్ లోపల తానే సృష్టించుకుంటే, టెస్టు నడిపిన ప్రతిసారీ అసలు డేటాబేసు తెరుచుకుంటుంది, ఎవరో ఒక కస్టమరుకు నిజంగానే సందేశం వెళుతుంది. అలా కాక, వాటిని బయట సిద్ధం చేసి కన్‌స్ట్రక్టరు ద్వారా లోపలికి అందిస్తే, ఏది అందించాలో నిర్ణయించే అధికారం పిలిచేవారి చేతికి వస్తుంది. ప్రోగ్రాము అసలైన వాటిని అందిస్తుంది, టెస్టు తనకు కావలసిన వాటిని అందిస్తుంది. ఇంజెక్ట్ చేయడం అంటే ఇంతే. దీనికి ఫ్రేమ్‌వర్కు తప్పనిసరి కాదు.

సెటర్ల ద్వారా కూడా ఇంజెక్ట్ చేయవచ్చు కాని, కన్‌స్ట్రక్టరు మార్గమే మేలని నా అభిప్రాయం. ఆబ్జెక్టు పుట్టేసరికే దానికి కావలసినవన్నీ చేతిలో ఉంటాయి, ఏదైనా అందించడం మరచిపోతే కంపైలరే పట్టుకుంటుంది.

మాక్, స్టబ్, ఫేక్, స్పై: ఇవన్నీ ఒకటేనా?

ఒకటి కాదు. అసలు ఆబ్జెక్టు స్థానంలో టెస్టు కోసం నిలబెట్టేదానికి టెస్ట్ డబుల్ అన్నది ఉమ్మడి పేరు. జెరార్డ్ మెస్జారోస్ 2007లో స్థిరపరచిన వర్గీకరణనే ఇప్పటికీ ఎక్కువమంది అనుసరిస్తున్నారు. చోటు నింపడానికి మాత్రమే ఇచ్చేది, ఎవరూ తాకనిది డమ్మీ. ముందుగా నిర్ణయించిన జవాబును తిరిగి ఇచ్చేది స్టబ్. తనను ఎవరు, ఏ విలువలతో పిలిచారో గుర్తుపెట్టుకుని తర్వాత చెప్పేది స్పై. ఏయే పిలుపులు రావాలో ముందే తెలిసి ఉండి, అవి రాకపోతే టెస్టును ఫెయిల్ చేసేది మాక్. నిజంగా పనిచేస్తూనే అసలుదానికన్నా తేలికగా ఉండేది ఫేక్. డేటాబేసుకు బదులు మెమరీలో ఒక డిక్షనరీని పెట్టుకున్న రిపాజిటరీ ఇలాంటిది.

వాడుకలో మాత్రం వీటన్నిటినీ మాక్ అనే పిలుస్తున్నారు. జావాలో మోకిటో, డాట్‌నెట్‌లో ఎన్‌సబ్‌స్టిట్యూట్, పీహెచ్‌పీలో మాకరీ, జావాస్క్రిప్టులో జెస్ట్, పైథాన్‌లో 3.3 వెర్షను నుంచి భాషతోపాటే వస్తున్న మాక్ మాడ్యూలు, అన్నిటిలోనూ ఒకే ఆబ్జెక్టు స్టబ్‌గానూ స్పైగానూ పనిచేస్తుంది. పేరు ఏదైనా, రాసేటప్పుడు ఒక్కటి మాత్రం మనసులో తేల్చుకోవాలి: ఈ డబుల్ నా కోడుకు సమాచారం అందించడానికి ఉందా, లేక నా కోడు ఒక పని చేసిందని రుజువు చేయడానికి ఉందా? కింది జవాబుల్లో చాలావాటికి ఈ తేడాయే ఆధారం.

మాక్ అనే ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది?

టిమ్ మెకినన్, స్టీవ్ ఫ్రీమన్, ఫిలిప్ క్రెయిగ్ 2000 సంవత్సరంలో సమర్పించిన ఒక పత్రంతో ఇది అందరికీ తెలిసింది. టెస్టు కోసమని ఆబ్జెక్టు లోపలి స్థితిని బయటపెట్టే గెటర్లు రాయడం వారికి ఇష్టం లేదు. ఆబ్జెక్టు లోపల ఏముందో చూడకుండా, అది తన పొరుగు ఆబ్జెక్టులతో ఏం మాట్లాడుతోందో వింటే సరిపోతుందన్నది వారు కనుగొన్న మార్గం. అంటే మాక్ పుట్టింది నెమ్మదిగా నడిచే డేటాబేసును తప్పించుకోవడానికి మాత్రమే కాదు, ఆబ్జెక్టుల మధ్య సంభాషణను రూపొందించడానికి. ఈ సంగతి తెలియకపోవడం వల్లే చాలాచోట్ల మాక్‌లను కనిపించిన ప్రతి క్లాసుకూ తగిలిస్తున్నారు.

అసలైన డేటాబేసుతోనే, అసలైన ఎస్ఎంఎస్ గేట్‌వేతోనే టెస్టు చేస్తే తప్పేమిటి?

తప్పు లేదు, అలాంటి టెస్టులు కూడా కొన్ని ఉండాలి. అయితే వాటిని యూనిట్ టెస్టులుగా లెక్కించకూడదు, ప్రతి చిన్న మార్పుకూ వాటిని నడపలేము. గేట్‌వే, అంటే మన సందేశాలను ఫోన్లకు చేరవేసే సేవ, ప్రతి సందేశానికీ డబ్బు తీసుకుంటుంది. నెట్ లేకపోతే టెస్టు ఫెయిలవుతుంది, కాని ఆ ఫెయిలు మీ కోడు గురించి ఏమీ చెప్పదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పటిలా కరెంటూ నెట్టూ పోయే రోజులు ఈ ప్రాంతానికి కొత్త కావు. అలాంటి రోజున కూడా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడవగలిగే టెస్టులు ఉండటం, పని ఆగకుండా సాగడానికి ఒక గట్టి ఆధారం.

ఇంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. అసలైన గేట్‌వేను మనం అడిగినప్పుడు ఫెయిల్ కమ్మని ఆదేశించలేము. ఫెయిలైతే మన ప్రోగ్రాము ఏం చేస్తుందో చూడాలంటే, ఫెయిల్ కావడానికి సిద్ధంగా ఉన్న డబుల్ మన చేతిలో ఉండాలి.

వేటిని మాక్ చేయాలి, వేటిని చేయకూడదు?

ముందుగా చేయకూడని వాటిని చూద్దాం. పన్ను లెక్కను తీసుకోండి. ఒడిశాలోని దుకాణం ఒడిశాలోని చిరునామాకు సరుకు పంపితే కేంద్ర జీఎస్టీ, రాష్ట్ర జీఎస్టీ చెరిసగం పడతాయి. ఆంధ్రప్రదేశ్‌లోని చిరునామాకు పంపితే సరుకు ప్రయాణం అక్కడ ముగుస్తుంది కనుక ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద వేసే జీఎస్టీ, పడుతుంది. జీఎస్టీ లెక్కల్లో ఒడిశా కోడు 21, ఆంధ్రప్రదేశ్ కోడు 37. రూ. 8,000 చీరకు రేటు 5 శాతం అనుకుంటే, ఛత్రపురానికి పంపినప్పుడు 200, 200గా రెండు పన్నులు రావాలి. ఇచ్ఛాపురానికి పంపినప్పుడు 400గా ఒకే పన్ను రావాలి. ఈ లెక్కకు రెండు రాష్ట్రాల కోడులు, ధర, రేటు అందితే చాలు. డేటాబేసు, నెట్, గడియారం ఏవీ అక్కర్లేదు. దీన్ని మాక్ చేస్తే, ప్రోగ్రాములో తప్పు రావడానికి ఎక్కువ అవకాశం ఉన్న భాగాన్నే టెస్టు నుంచి తప్పించినట్టవుతుంది. ఇలాంటి లెక్కలను ఫంక్షన్లుగా విడదీసి, విలువలు ఇచ్చి, వచ్చిన జవాబును సరిపోల్చి చూడాలి.

ఎస్ఎంఎస్ పొడవు లెక్క కూడా ఇలాంటిదే. ఇంగ్లీషు సందేశానికి ఒక ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడితే, తెలుగు, ఒడియా లిపుల్లో 70 మాత్రమే పడతాయి. అంతకు మించితే సందేశం ముక్కలై, ఒక్కో ముక్కలో 67 మాత్రమే పడతాయి. పైగా ఈ లెక్క కంటికి కనిపించే అక్షరాలది కాదు. ‘స్త్రీ’ అన్నది చూపుకు ఒకే అక్షరం, కాని లెక్కలో ఆరు. సందేశం ఎన్ని ముక్కలవుతుందో చెప్పే ఫంక్షనుకు అసలైన తెలుగు వాక్యాలూ ఒడియా వాక్యాలూ ఇచ్చి టెస్టు చేయాలి తప్ప, దాని స్థానంలో ‘1’ అని జవాబిచ్చే స్టబ్‌ను పెట్టి సంతృప్తి చెందకూడదు.

విలువలను మోసే సాదా ఆబ్జెక్టులను, అంటే బిల్లు, చిరునామా, కస్టమరు వంటివాటిని కూడా మాక్ చేయవద్దు. అసలైనదాన్ని సృష్టించడం రెండు వరుసల పని అయినప్పుడు దాని నకలు ఎందుకు?

ఇక చేయవలసినవి మన ప్రోగ్రాము సరిహద్దు దగ్గర ఉంటాయి. ఎస్ఎంఎస్ పంపడం, చెల్లింపును నమోదు చేయడం, ప్రింటరుకు బిల్లు పంపడం వంటి పనుల ఫలితం మన ప్రోగ్రాములోకి తిరిగి రాదు, బయటి లోకంలో కలిసిపోతుంది. ‘పంపమని చెప్పాను’ అన్నదొక్కటే మన కోడు చేయగలిగిన పని, కనుక దాన్ని పరిశీలించడానికి మాక్ సరైన సాధనం. ‘ఈ కస్టమరు భాష ఏది?’ వంటి ప్రశ్నలకు మాత్రం స్టబ్ జవాబు ఇస్తే చాలు. ఆ ప్రశ్న ఎన్నిసార్లు అడిగారో లెక్కపెట్టడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. రేపు ఎవరైనా మళ్ళీ అడగనక్కర్లేకుండా జవాబును క్యాష్‌లో (తాత్కాలిక నిల్వలో) దాచితే, ప్రోగ్రాము సరిగానే పనిచేస్తున్నా టెస్టు విరుగుతుంది, అంటే ఫెయిలవుతుంది.

మొదటి టెస్టును ఎలా రాయాలి?

మూడు దశలుగా ఆలోచించండి: అమరిక, అమలు, పరిశీలన. ‘తెలుగు కోరుకున్న కస్టమరుకు బిల్లు ఖరారు కాగానే తెలుగులో సందేశం వెళ్ళాలి’ అన్నది పరీక్షించవలసిన ప్రవర్తన అనుకుందాం.

అమరికలో, అడిగిన కస్టమరుకు ‘ఛత్రపురం, ఒడిశా, భాష తెలుగు’ అని జవాబిచ్చే రిపాజిటరీ స్టబ్‌ను, ‘417’ అని ఇచ్చే నంబరు స్టబ్‌ను, ఒక తేదీ దగ్గర ఆగిపోయిన గడియారాన్ని, ఎస్ఎంఎస్ పంపేదానికి మాక్‌ను తయారుచేసి, ఈ నాలుగింటినీ కన్‌స్ట్రక్టరుకు అందించండి. అమలులో బిల్లును ఖరారు చేసే మెథడ్‌ను ఒక్కసారి పిలవండి. పరిశీలనలో, మాక్‌కు పంపమన్న పిలుపు ఒక్కసారే వచ్చిందని, అందులో భాష తెలుగని, బిల్లు నంబరు 417 అని నిర్ధారించండి.

కస్టమరు ఒడిశాలో ఉండి తెలుగు కోరుకున్నట్టు ఉదాహరణ ఇవ్వడానికి కారణం ఉంది. బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ తెలుగు చదివేవారు ఎందరో ఉన్నారు, ఇచ్ఛాపురంలో ఒడియా మాట్లాడేవారూ ఉన్నారు. పన్ను చిరునామాను బట్టి, భాష కస్టమరు కోరికను బట్టి నిర్ణయం కావాలి. ఒడిశా చిరునామాకు ఒడియా, ఆంధ్ర చిరునామాకు తెలుగు అన్న జంటలతో మాత్రమే టెస్టులు రాస్తే, ఎవరైనా రాష్ట్రం కోడును బట్టే భాషను నిర్ణయించినా టెస్టులన్నీ పాసవుతాయి. స్టబ్ ఇచ్చే జవాబులను ఎంచుకోవడంలోనే టెస్టు బలం ఉంటుంది. చేతికి అందిన విలువలను పెట్టేయకుండా, తప్పుడు కోడును బయటపెట్టగల విలువలను వెతకాలి.

టెస్టు పాసయ్యాక ఇంకొక పని మిగిలి ఉంటుంది. కోడులో ఎస్ఎంఎస్ పంపమని చెప్పే లైనును తాత్కాలికంగా తీసివేసి టెస్టు ఫెయిలవుతుందో లేదో చూడండి. ఫెయిలు కాకపోతే మీ మాక్ దేన్నీ పరిశీలించడం లేదు. పైథాన్ పాత వెర్షన్లలో పరిశీలన మెథడ్ పేరును తప్పుగా రాస్తే, మాక్ ఆ పేరుతో అప్పటికప్పుడు కొత్త మెథడ్‌ను సృష్టించి మౌనంగా ఊరుకునేది.

సమయం మీద ఆధారపడే కోడును ఎలా పరీక్షించాలి?

గడియారాన్ని కూడా డిపెండెన్సీగా చూడాలి. జావాలో 8వ వెర్షను నుంచి క్లాక్ అనే క్లాసు, డాట్‌నెట్‌లో 8వ వెర్షను నుంచి టైమ్ ప్రొవైడర్ అనే క్లాసు ఇందుకే ఉన్నాయి. ఇతర భాషల్లో, ఇప్పటి సమయాన్ని తిరిగి ఇచ్చే చిన్న ఫంక్షనును అందిస్తే చాలు.

ఇది బిల్లింగ్‌లో ఎంత ముఖ్యమో ఒక సందర్భం చూపిస్తుంది. జీఎస్టీ నియమాల ప్రకారం ఇన్‌వాయిస్ నంబరు 16 అక్షరాలకు మించకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో అదే నంబరు మళ్ళీ రాకూడదు. చాలా దుకాణాలు ఏప్రిల్ 1న కొత్త వరుస మొదలుపెడతాయి. సర్వరు గడియారం యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనుక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంటే, మన ఏప్రిల్ 1 అర్ధరాత్రి 12 గంటలు దానికి మార్చి 31 సాయంత్రం 6:30 అవుతుంది. అందుచేత అర్ధరాత్రికీ తెల్లవారుజామున 5:30కీ మధ్య ఖరారైన బిల్లులు పాత సంవత్సరం వరుసలో పడే ప్రమాదం ఉంది. ఆగిన గడియారాన్ని ఒకసారి యూటీసీ 18:29 దగ్గర, మరొకసారి 18:31 దగ్గర పెట్టి రెండు టెస్టులు రాస్తే ఈ తప్పు ఆ క్షణమే బయటపడుతుంది. అసలు గడియారంతో దీన్ని పరీక్షించాలంటే ఏడాదికి ఒక్క రాత్రి మాత్రమే అవకాశం.

ఇక్కడ మాక్ కన్నా, సమయాన్ని పట్టి ఉంచే చిన్న ఫేకే సులువు. గడియారాన్ని ఎన్నిసార్లు చూశారన్నది ఎవరికీ అక్కర్లేదు.

నెట్ పోయినప్పుడు, గేట్‌వే జవాబు ఇవ్వనప్పుడు ఏమవుతుందో మాక్‌తో చూడవచ్చా?

చూడవచ్చు. మాక్‌లు ఎక్కువ ప్రయోజనం ఇచ్చేది ఇక్కడే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. పంపమని పిలిచినప్పుడు ఎక్సెప్షన్ విసరమని మాక్‌కు చెప్పండి. అప్పుడు కోడు ఏం చేయాలో మీరు నిర్ణయించుకోవలసి వస్తుంది: సందేశం వెళ్ళనంతమాత్రాన బిల్లు రద్దు కావాలా? మన దుకాణంలో కాకూడదు. బిల్లు భద్రం కావాలి, సందేశం తర్వాత పంపడానికి వరుసలో చేరాలి. ఈ రెండు పరిశీలనలనూ టెస్టులో రాయండి.

వైఫల్యాలు ఒకే రకంగా ఉండవన్నది మరచిపోవద్దు. గేట్‌వే ‘ఈ నంబరు చెల్లదు’ అని తిరస్కరించడం ఒకటి; అప్పుడు మళ్ళీ ప్రయత్నించడం వృథా. కనెక్షనే దొరకకపోవడం ఇంకొకటి. అప్పుడు మళ్ళీ ప్రయత్నించవచ్చు. చిక్కంతా మూడోదానితో: పంపమన్న మన అభ్యర్థన గేట్‌వేకు వెళ్ళింది, జవాబు కోసం ఎదురుచూసే గడువు ముగిసింది. సందేశం వెళ్ళిందో లేదో మనకు తెలియదు. వెంటనే మళ్ళీ పంపితే కస్టమరుకు రెండు సందేశాలు చేరవచ్చు. అదే చెల్లింపు విషయమైతే రెండుసార్లు డబ్బు పోవచ్చు. కనుక రెండో ప్రయత్నంలోనూ మొదటి ప్రయత్నపు గుర్తింపు సంఖ్యనే పంపాలి. ‘మొదటి పిలుపుకు గడువు ముగిసిన ఎక్సెప్షన్, రెండో పిలుపుకు విజయం’ అని మాక్‌కు వరుసగా చెప్పి, రెండు పిలుపుల్లోనూ గుర్తింపు సంఖ్య ఒకటేనని పరిశీలించండి. ఈ టెస్టును అసలైన గేట్‌వేతో రాయడం దాదాపు అసాధ్యం.

టెస్టులో మళ్ళీ ప్రయత్నించే ముందు నిజంగా ముప్పై సెకన్లు ఆగకండి. ఆగే పనిని కూడా ఇంజెక్ట్ చేస్తే, టెస్టులో అది వెంటనే తిరిగి వస్తుంది.

ఎస్ఎంఎస్ కంపెనీ ఇచ్చిన లైబ్రరీని నేరుగా మాక్ చేయవచ్చా?

చేయకపోవడమే మంచిది. ఆ లైబ్రరీ ఏ సందర్భంలో ఏ ఎక్సెప్షన్ విసురుతుందో, ఖాళీ విలువను ఎప్పుడు ఇస్తుందో మనకు తెలిసినట్టు అనుకుని మాక్‌ను తీర్చిదిద్దుతాం. కాని అది మన ఊహే. ఊహ తప్పైతే టెస్టులన్నీ పాసై, దుకాణంలో ప్రోగ్రాము ఆగిపోతుంది. ‘ఈ కస్టమరుకు ఈ సందేశం పంపు’ అన్న మీ సొంత ఇంటర్‌ఫేసును మీ ప్రోగ్రాము భాషలో రాసుకుని, దాని వెనుక ఆ లైబ్రరీని వాడే ఒక పలచని అడాప్టరును పెట్టండి. మీ ఇంటర్‌ఫేసును మాక్ చేయండి. అడాప్టరును మాత్రం గేట్‌వేవారి పరీక్షా వ్యవస్థతో అప్పుడప్పుడు నిజంగా నడిపి చూడండి. రేపు కంపెనీ మారినా అడాప్టరు ఒక్కటే మారుతుంది.

పిలుపులను ఎంత కఠినంగా పరిశీలించాలి?

ప్రవర్తనకు అవసరమైనంత వరకే. సందేశం మొత్తం పాఠాన్ని బిల్లు ఖరారు టెస్టులో సరిపోల్చితే, ఎవరైనా ఒక కామాను మార్చినా పన్నుతో, నంబరుతో సంబంధం ఉన్న టెస్టులు కూడా విరుగుతాయి. అక్కడ బిల్లు నంబరు, మొత్తం, భాష సరిగా ఉన్నాయా అని చూస్తే చాలు.

అలాగని పాఠాన్ని ఎక్కడా పరీక్షించకుండా వదలకూడదు. మన దేశంలో వ్యాపార సందేశాల మూసలను టెలికాం ఆపరేటర్ల డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో ముందుగా నమోదు చేయాలి, నమోదైన మూసకు సరిపోలని సందేశాన్ని ఆపరేటర్లు ఆపేస్తారు. కనుక సందేశాన్ని కూర్చే ఫంక్షనుకు వేరే టెస్టు రాసి, అక్కడ ప్రతి అక్షరాన్నీ సరిపోల్చండి. ఆ టెస్టుకు మాక్ అక్కర్లేదు.

క్రమం కూడా ఇలాగే. బిల్లు భద్రమైన తర్వాతే సందేశం వెళ్ళాలన్నది నిజమైన నియమం, దాన్ని పరిశీలించండి. కస్టమరును ముందు అడిగారా, నంబరును ముందు తీసుకున్నారా అన్నది నియమం కాదు, వదిలేయండి.

కన్‌స్ట్రక్టరుకు ఎనిమిది డిపెండెన్సీలు వస్తున్నాయి. ప్రతి టెస్టులో ఎనిమిది మాక్‌లు రాయలేకపోతున్నాను. ఏం చేయాలి?

రాయడం కష్టంగా ఉండటమే ఇక్కడ మీకు అందుతున్న సమాచారం. ఆ కష్టాన్ని సహాయక ఫంక్షన్ల వెనుక దాచే ముందు, ఆ క్లాసు ఎన్ని పనులు చేస్తోందో చూడండి. చాలాసార్లు ఎనిమిదింటిలో మూడు ఎప్పుడూ కలిసే వాడుకలో ఉంటాయి. ఉదాహరణకు భాషను తెలుసుకోవడం, సందేశాన్ని కూర్చడం, పంపడం. ఆ మూడింటినీ ‘కస్టమరుకు తెలియజేసేది’ అన్న ఒక కొత్త క్లాసుగా విడదీస్తే, బిల్లు క్లాసుకు మూడు బదులు ఒకటే మిగులుతుంది, రెండు క్లాసుల టెస్టులూ చిన్నవవుతాయి.

ఒక మాక్ ఇంకొక మాక్‌ను, అది మరొక మాక్‌ను తిరిగి ఇవ్వవలసి వచ్చినప్పుడు కూడా ఇదే అర్థం. మీ కోడు కస్టమరును అడిగి, అతని ఖాతాను అడిగి, ఆ ఖాతా సెట్టింగులను అడిగి భాషను తెలుసుకుంటోంది. భాషను నేరుగా చెప్పగలిగే మెథడ్‌ను కస్టమరుకే ఇవ్వండి.

పాత కోడులో అన్నీ లోపలే సృష్టించి ఉన్నాయి, స్టాటిక్ మెథడ్లూ ఉన్నాయి. మొత్తం తిరగరాయాలా?

అక్కర్లేదు. మైకేల్ ఫెదర్స్ 2004లో ఇలాంటి కోడు గురించి వివరిస్తూ, కోడును అక్కడికక్కడ సవరించకుండానే దాని ప్రవర్తనను మార్చగలిగే చోటుకు సీమ్ అని పేరు పెట్టాడు. మీకు కావలసింది అలాంటి ఒక్క సీమ్. పాత కన్‌స్ట్రక్టరును అలాగే ఉంచి, డిపెండెన్సీని తీసుకునే రెండో కన్‌స్ట్రక్టరును చేర్చండి. పాతది అసలైన ఆబ్జెక్టును సృష్టించి రెండోదాన్ని పిలుస్తుంది. ఎక్కడెక్కడి నుంచో పిలుస్తున్న కోడు ఏదీ మారదు, టెస్టు మాత్రం రెండో కన్‌స్ట్రక్టరును వాడుకుంటుంది. స్టాటిక్ మెథడ్‌ను ఒక చిన్న ఇంటర్‌ఫేసు వెనుకకు చేర్చండి.

మోకిటో 3.4 వెర్షను నుంచి స్టాటిక్ మెథడ్లను కూడా మాక్ చేయగలదు. పాత కోడును మార్చే ముందు దాని ప్రవర్తనను పట్టి ఉంచడానికి ఆ సౌకర్యాన్ని వాడండి. కొత్త కోడులో దాని అవసరం రాకూడదు.

పైథాన్‌లో ప్యాచ్ చేసే వీలుండగా ఇంజెక్ట్ చేయడం ఎందుకు?

ప్యాచ్, అంటే టెస్టు నడిచేంతసేపు ఒక పేరు వెనుక ఉన్న అసలుదాన్ని తీసి డబుల్‌ను పెట్టడం, పనిచేస్తుంది కాని, అది మాడ్యూలు పేరు మీద, ఇంపోర్ట్ చేసిన తీరు మీద ఆధారపడుతుంది. పేరు ఎక్కడ నిర్వచించారో అక్కడ కాక, ఎక్కడ వాడుతున్నారో అక్కడ ప్యాచ్ చేయాలన్నది కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టే విషయం. ఫైలును వేరే ఫోల్డరులోకి జరిపితే ప్రవర్తన మారకపోయినా టెస్టులు విరుగుతాయి. ఆర్గ్యుమెంటుగా అందించిన డిపెండెన్సీకి ఈ బాధ లేదు.

పైథాన్‌లో ఇంకొక జాగ్రత్త అవసరం. ఏ జవాబూ అమర్చని మాక్‌ను పిలిస్తే అది ఇంకొక మాక్‌ను తిరిగి ఇస్తుంది, అది షరతుల్లో ‘నిజం’ (True) అని లెక్కకు వస్తుంది. ‘ఈ కస్టమరు సందేశాలు వద్దన్నాడా?’ అన్న ప్రశ్నకు జవాబు అమర్చకపోతే అవునన్నట్టే అవుతుంది. మోకిటోలో దీనికి విరుద్ధంగా ‘అబద్ధం’ (false), సున్నా, ఖాళీ జాబితా వంటివి వస్తాయి. రెండింటిలోనూ, టెస్టు ఆధారపడే ప్రతి జవాబునూ స్పష్టంగా రాయడమే క్షేమం.

మాక్ టెస్టులన్నీ పాసయ్యాయి, దుకాణంలో మాత్రం ప్రోగ్రాము పనిచేయలేదు. ఎందుకు?

మాక్ చెప్పే జవాబులకూ అసలు ఆబ్జెక్టు చెప్పే జవాబులకూ మధ్య తేడా వచ్చి ఉంటుంది. కస్టమరు దొరకనప్పుడు మీ స్టబ్ ఖాళీ విలువ ఇస్తోంది, అసలు రిపాజిటరీ ఎక్సెప్షన్ విసురుతోంది. లేదా మెథడ్ ఆర్గ్యుమెంట్లు మారాయి, పైథాన్ మాక్ దేనినైనా ఒప్పుకుంటుంది కనుక టెస్టుకు ఆ సంగతి తెలియలేదు. ఈ రెండోదానికి ఆటోస్పెక్ అనే సదుపాయాన్ని వాడితే, అసలు క్లాసులో లేని మెథడ్‌ను పిలిచినా, ఆర్గ్యుమెంట్ల సంఖ్య తప్పినా టెస్టు వెంటనే ఫెయిలవుతుంది.

మొదటిదానికి ఉత్తమమైన మార్గం, ఇంటర్‌ఫేసు పాటించవలసిన నియమాలను ఒకేచోట టెస్టులుగా రాసి, ఆ టెస్టులనే ఫేక్ రిపాజిటరీ మీదా అసలు డేటాబేసున్న రిపాజిటరీ మీదా నడపడం. రెండూ పాసైతేనే ఆ ఫేక్ మీద మిగతా టెస్టులు ఆధారపడవచ్చు. డేటాబేసుతో నడిచే భాగం నెమ్మదిగా ఉంటుంది, కనుక దాన్ని కోడును ఇతరులతో పంచుకునే ముందు నడిపితే సరిపోతుంది.

టెస్టుల్లో డీఐ కంటైనరు (డిపెండెన్సీలను తానే సృష్టించి అందించే సాధనం) వాడాలా? ప్రైవేటు మెథడ్లను మాక్ చేయాలా?

రెండూ వద్దు. యూనిట్ టెస్టులో ఆబ్జెక్టును మీ చేతులతోనే కన్‌స్ట్రక్టరుతో సృష్టించండి. ప్రైవేటు మెథడ్‌ను మాక్ చేయాలనిపిస్తే, ఆ మెథడ్ వేరే క్లాసులో ఉండవలసినది.

టెస్టుల పేర్లను తెలుగులో రాయవచ్చా?

జావా, పైథాన్ 3 రెండూ తెలుగు లిపిలోని పేర్లను ఒప్పుకుంటాయి. జేయూనిట్ 5లో మెథడ్ పేరుకు తోడుగా చదవడానికి వేరే పేరును కూడా ఇవ్వవచ్చు. కాని ఈ జిల్లాల్లో ఒకే బృందంలో ఒడియా చదివేవారు, తెలుగు చదివేవారు కలిసి పనిచేస్తారు. ఫెయిలైన టెస్టు పేరును చూసి ఎవరైనా సమస్యను పట్టుకోగలగాలి కనుక, అందరికీ తెలిసిన భాషలో పేరు పెట్టడం మంచిది. ఇచ్చే విలువల్లో మాత్రం రెండు లిపులూ తప్పక ఉండాలి.

రాసిన మాక్ టెస్టును తీసివేయవచ్చా?

తీసివేయవచ్చు, కొన్నిసార్లు తీసివేయాలి కూడా. ప్రవర్తన మారకుండా కోడును సర్దిన ప్రతిసారీ ఒక టెస్టు విరుగుతూ ఉంటే, దాన్ని బాగుచేసిన ప్రతిసారీ కోడులోని వరుసలనే టెస్టులోకి నకలు చేయవలసి వస్తూ ఉంటే, ఆ టెస్టు ప్రవర్తనను కాక అమలు తీరును పట్టుకుని ఉందని అర్థం. తీసే ముందు, అది కాపాడుతున్న ప్రవర్తన ఏమిటో ఒక్క వాక్యంలో రాసే ప్రయత్నం చేయండి. ‘కస్టమరును అడిగి, తర్వాత నంబరును అడిగి, తర్వాత పన్నును లెక్కించాలి’ అన్నంత మాత్రమే రాయగలిగితే తీసేయండి. ‘గడువు ముగిసినా రెండో ప్రయత్నంలో గుర్తింపు సంఖ్య మారకూడదు’ వంటి వాక్యం వస్తే, ఆ ఒక్క పరిశీలనను ఉంచి మిగతావాటిని తొలగించండి.